పరీక్షగది కాపరులము

మార్చి నెల వచ్చినదనగా పదవతరగతి పిల్లలున్న యిండ్లలో రేడియో గొంతు తగ్గును. పాటల కార్యక్రమము నడుచుచుండగనే తల్లి లేచివచ్చి మీట త్రిప్పివేయును. వార్తలను మాత్రము తండ్రి గోడకవతలికి వినబడనంత మెల్లగా పెట్టుకొని చెవియొగ్గి వినును. ఆ యింట ఒక బిడ్డ దీపము ముందు కూర్చుండి రేపటి పాఠమును వల్లెవేయుచున్నదని వేఱుగా చెప్పనక్కఱలేదు. మఱునాటి యుదయము ఆ బిడ్డకు పెరుగన్నము పెట్టి, దేవుని పటమునకు మ్రొక్కించి, ఎవరో ఒకరు బడిగేటు దాక వచ్చి దిగవిడుతురు. గేటు మూయబడును. అటుపై మూడుగంటలసేపు లోపలనేమి జరుగునో కన్నవారికి తెలియదు. వారికి తెలియని ఆ మూడుగంటలలో బిడ్డలతోబాటు గదిలో నుండువారము మేము. మమ్ము ఇన్విజిలేటర్లందురు. ఉత్తరువులలో పర్యవేక్షకులని వ్రాయుదురు. పిల్లలు తమలో తాము మాకు పెట్టుకొన్న పేర్లు వేఱు. అవి యిక్కడ చెప్పదగినవి కావు.

మేమనగా హైస్కూళ్లలో పాఠములు చెప్పుకొను సామాన్యోపాధ్యాయులము. పరీక్షలకు పదిదినముల ముందు ఉత్తరువు వచ్చును. మా బడిపిల్లలు వ్రాయు గదులకు మమ్ము వేయరు. గణితము చెప్పువారిని గణితపరీక్షనాడు గదిలోనికి రానీయరు. లెక్కలనాడు తెలుగుపండితుడును, తెలుగునాడు లెక్కల మాస్టరును కాపలాకు నిలువవలెను. తనకు రాని విద్యకు కాపలా కాయుట ఈ పనిలోని మొదటి చమత్కారము. రానివాడు చెప్పలేడు గదా యని అధికారుల యాలోచన. మంచి యాలోచనయే.

ఉదయము ఎనిమిదిన్నరకెల్ల కేంద్రమునకు చేరవలెను. సెల్‌ఫోను గదిలోనికి కొనిపోరాదు, గేటుకడనే విడువవలెను. ఎవరికి ఏ గదియో ఆ యుదయముననే తేల్చుదురు. ప్రశ్నపత్రముల కట్టలు పోలీసుస్టేషనునుండి కాపలాతో వచ్చియుండును. ముద్రలు చెక్కుచెదరలేదని సాక్షులచేత సంతకములు చేయించుకొని, గడియారము చూచి, చీఫ్ సూపరింటెండెంటుగారు కట్ట విప్పుదురు. ఊరిలో జిరాక్సు దుకాణములు పరీక్ష ముగియువరకు మూసియుండును. గేటుచుట్టు గుంపులు గూడరాదను ఆజ్ఞ యుండును. దీనిని జనులు నేటికిని నూటనలుబదినాలుగవ సెక్షననియే యందురు గాని, 2024 జులై నుండి క్రొత్త చట్టములో దాని సంఖ్య 163.

ఈ తంతంతయు నిన్న మొన్నటిది కాదు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము ఏర్పడి మెట్రిక్యులేషను పరీక్ష పెట్టినది మొదలు మన తెలుగుజిల్లాల పిల్లలు, తమను కన్నెత్తి చూడనివారు కూర్చిన ప్రశ్నలకు, తమ పేరెఱుగనివారు దిద్దుటకై, సమాధానములు వ్రాయుచునే యున్నారు. మఱుసటి సంవత్సరము ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు బడిపిల్లలకు మొదటిసారి పరీక్షలు జరిపినప్పుడు, పరీక్షాధికారులు ప్రశ్నపత్రములను తాళము వేసిన పెట్టెలలో నుంచుకొని రైలుబండ్లలో ఆయా పట్టణములకు పోయిరి. చీనాదేశపు రాజోద్యోగపరీక్షలు 1905లో రద్దగువరకు నాంకింగునందలి పరీక్షాక్షేత్రమున ఇరువదివేలకు మించిన చిన్నచిన్న అఱలుండెడివి. ఒక్కొక్క అఱలో ఒక్కొక్క అభ్యర్థి పగలును రాత్రియు గడపవలసినదే. మాకట్టి యఱలు లేవు. పిల్లలు చదువుకొను గదులే, వారి బెంచీలే, తలపై తిరిగీతిరుగని పంకాయే. ఆ గోడలు చేయు పనిని మేము కన్నులతో చేయవలసియున్నది.

ఆంధ్రప్రదేశములో 9.30 గంటలకు గంట కొట్టుదురు. మొదటి పదునైదు నిముషములు ప్రశ్నపత్రము చదువుకొనుటకే. అటుపై 12.45 వఱకు వ్రాత. తెలంగాణములో 12.30 గంటలకే ముగియును. ఆ మొదటి పావుగంటయే మాకు ఊపిరి సలుపని సమయము. సమాధానపుస్తకముతో ఓఎంఆర్ పత్రమును చేర్పవలెను. ఎవరి పత్రము వారికే యందినదా, హాల్‌టికెట్టు మీది బొమ్మయు బెంచీమీది ముఖమును ఒక్కటేనా, పుస్తకపు సంఖ్య తప్పులేకుండ వేసిరా, ప్రశ్నపత్రముపై తమ సంఖ్యను వ్రాసికొనిరా యని ఒక్కొక్కరికడ వంగి చూచి సంతకము చేయవలెను. ఏడాది చదువునకు ఫలము ఈ కాగితపు ముక్కలను బట్టియే చేరవలసినచోటికి చేరును. చదువులో ముందుండు పిల్లలే ఇక్కడ తడబడుదురు. తన పేరు తానే తప్పు వ్రాసికొన్న బాలికను మేము చూచితిమి. వారిమీద కసరరాదు. 'నింపాదిగా రాయమ్మా, నేనిక్కడే ఉన్నాను' అన్నచో చేయి కుదుటబడును. ఆ మూడుగంటలలో మేము స్వేచ్ఛగా పలుకదగిన మాటలు ఇట్టివి కొన్నియే.

రెండవ గంట మ్రోగి కలములు కాగితమునంటిన తరువాత మాకు పనిలేదు. పనిలేకుండుటయే అప్పటినుండి మా పని. ఇది చెప్పినంత సులభము కాదు. పుస్తకము చదువరాదు. పత్రిక విప్పరాదు. ప్రక్కగది పర్యవేక్షకునితో గుమ్మమున నిలిచి మాటలాడరాదు. కునుకుట సరేసరి. బడిలో పిల్లలచేత పలికింపనిదే గడియ గడవని మాకు, ఇందఱు పిల్లల నడుమ నోరు మెదపకుండుట ఒక వ్రతము. మొదటి సంవత్సరము మేము పైకప్పు దూలముల నెంచితిమి, కిటికీ ఊచల నెంచితిమి, నల్లబల్లపై చెఱిపీచెఱపని సుద్దగీతలలో కృష్ణానదిని వెదకితిమి. మూడవనాటికి గాని మా కన్ను పిల్లలపై కుదురుగా నిలువలేదు.

నిలిచిన తరువాత ఎన్నియో కనబడును. ఎడమచేతితో వ్రాయుచు, ఆఱని సిరాను అఱచేతికి పూసికొనుచుండు బాలిక యొకతె. బెంచీక్రింద వ్రేళ్లు మడచుచు హెచ్చవేత చేసికొను బాలుడొకడు. పద్యము మొదటి మాట యందక, కన్నులు మూసికొని పెదవులు కదలించుచు, అది యందగానే ముఖము వెలిగి వంగి వ్రాయువాడొకడు. మొదటి పది నిముషములు స్కేలుతో పుట పుటకు అంచుగీతలు గీయుచు కూర్చుండు నిదానస్థుడొకడు. అతనిని చూచి, 'గీతలకు మార్కులు లేవు నాయనా' యని కేకవేయవలెనని మా నాలుక యెంత దురద పెట్టినను ఊరకుండవలెను. గంటన్నర కాగానే గదిలో ఒక నిట్టూర్పు లేచును. తెలిసినవన్నియు వ్రాయుట ముగిసి, తెలియనివానితో పోరు మొదలైనదని దానికర్థము.

మేము నిలుచుచోటు సైతము లెక్కకు వచ్చును. బిడ్డ వెనుక నిలిచినచో ఆ చేయి ఆగిపోవును. ముందే నిలిచినచో తల యెత్తినప్పుడెల్ల మా మొగము కనబడి భయపడుదురు. నడచుచుండుట మేలని యొక యేడు మేము ఎడతెగక నడచితిమి. క్రొత్త చెప్పులు. రెండవనాడు ఒక బాలిక చేయి యెత్తి మిక్కిలి వినయముగా, 'సార్, మీరు కాసేపు కూర్చుంటారా?' అని యడిగినది. మాకు మొదట చిన్నతనమైనది. పిమ్మట చెప్పులు గుమ్మమువద్ద విడిచితిమి. నేటికిని అట్లే విడుచుచున్నాము.

పూర్వము ఈ నిశ్శబ్దమును చీల్చు కేక యొకటి యుండెడిది: 'అడిషనల్ సార్!' నాలుగుపుటల ముఖ్యపత్రము నిండిన తరువాత అదనపు కాగితములడుగు కేక యది. మొదట ఒక మూలనుండి వినబడగానే గది యంతయు తల యెత్తెడిది. వాడు అప్పుడే నింపినాడా యని తక్కినవారి గుండెలు జాఱెడివి. తుదకు ఆ కాగితములన్నిటిని దారముతో కుట్టి ముడివేయుట ఒక యుద్ధము. ఇటీవల రెండు రాష్ట్రములలోను 24 పుటల సమాధానపుస్తకము వచ్చినది. దారము పోయినది, కేకయు పోయినది. పరుల వేగము చూచి బెదరిపోవు పిల్లలకు ఇది చేసిన మేలు ఎవ్వరును చెప్పుకొనుట లేదు; మేము కన్నులార చూచితిమి గనుక చెప్పుచున్నాము.

ఇక కష్టమైన మాటకు వచ్చెదము. ఒక సంవత్సరము మమ్ము ఒక యూరి కేంద్రమునకు వేసిరి. మొదటినాడు పరీక్ష ముగియగానే ఉప్మాయు కాఫీయు వచ్చినవి. వానితోబాటు ఆ బడి పెద్ద యొకరు వచ్చి కూర్చుండి, 'మా పిల్లలు మీ పిల్లలే మాస్టారూ. కొంచెం చూసీచూడనట్టు వెళ్లండి' అనిరి. ఫలితములు నూటికి నూఱు రావలెనని ఆయనపై నుండు ఒత్తిడి మాకు తెలియనిది కాదు. మా బడిలోను అదియే ఒత్తిడి. మేము కాదనలేదు, ఔననలేదు. ఉప్మా తినుచు తల యాడించితిమి. అది మా పిఱికితనము. మఱునాడు గదిలో యథాప్రకారము కాపలా కాచితిమి. మూడవనాటినుండి ఉప్మా రాలేదు.

చూచీచూడనట్లు పోయినచో ఎవరికి నష్టమని యడుగువారున్నారు. ఆ నష్టపోవు బిడ్డ మా గదిలో నుండదు గనుక ఆ ప్రశ్న అంత సులభముగా వచ్చుచున్నది. 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు చదువులు, అనగా నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీలలోని సీట్లు, సామాన్యముగా పదవతరగతి మార్కులను బట్టియే యిచ్చుచున్నారు. పల్లెల పిల్లలకై పెట్టిన చదువు అది. అక్కడ ఒక్క మార్కు తేడాతో ఒక యింట దీపము వెలుగును, ఒక యింట వెలుగదు. మేము జాలిపడి ఒక బాలుని చెవిలో రెండు మార్కుల జవాబు ఊదినచో, ఎనుబది మైళ్ల దూరమున, ఏ గురువును ఏమియు ఊదని గదిలో తనకు వచ్చినదే వ్రాసికొన్న కూలివాని కూతురు వరుసలో ఒక మెట్టు దిగును. ఆమె పేరు మాకు తెలియదు. ఆమె మాపై ఫిర్యాదు చేయలేదు.

పరీక్షలలో అక్రమములను నివారించుటకు 1997లోనే చట్టమొకటి చేసిరి. జైలుశిక్షయు జరిమానాయు అందు గలవు. అయినను 2022లో ఆంధ్రప్రదేశములోను, 2023లో తెలంగాణములోను, పరీక్ష ఆరంభమైన కొలదిసేపటికే ప్రశ్నపత్రముల ఛాయాచిత్రములు వాట్సాప్‌లో తిరిగినవి. పట్టుబడినవారిలో ఉపాధ్యాయులుండుట మాకు తలవంపు. ఆ యేడు మఱుసటి పరీక్షనాటి యుదయము గేటుకడ కానిస్టేబులు మా జేబులు తడవుచుండగా, వరుసలో నిలిచిన పిల్లలు చూచుచుండిరి. మాకు కోపము రాలేదు. ఆ తడవుట మాకు తగినదే యనిపించినది. కాని పెద్దల నేరమునకు బిగించిన ఉచ్చు పిల్లల కాళ్లకే ముందుగా తగులుచుండుటయును మేము చూచితిమి.

ఒక చీటీ సంగతి చెప్పెదము. ఇంగ్లీషు పరీక్షనాడు, మూడవ వరుసలోని బాలుడు చెమట తుడుచుకొనుటకు చేతిరుమాలు తీయగా, జేబునుండి మడతకాగితమొకటి జాఱి మా కాలివద్ద పడినది. విప్పి చూచితిమి. సాంఘికశాస్త్రపు పాఠము, చీమతలలవంటి యక్షరములతో. ఆ నాటి పరీక్షకు దానితో పనియే లేదు. 'నిన్న రాత్రి చదువుకుంటూ పెట్టుకున్నాను సార్. తియ్యడం మరిచిపోయాను' అనెను. నిజమే కావచ్చును. కాని యేనాటి పాఠమైనను సరే, వ్రాతకాగితము అభ్యర్థివద్ద నుండరాదని నియమము. వరండాలో తనిఖీ స్క్వాడువారి మాటలు వినబడుచుండెను. గదిలోని పిల్లలందఱును కలములాపి మమ్మే చూచుచుండిరి. చీఫ్ సూపరింటెండెంటుగారికి కబురంపితిమి. వారు వచ్చి సమాధానపుస్తకము తీసికొని, బాలునిచేత వాఙ్మూలము వ్రాయించి, క్రింద మాచేత సాక్షిసంతకము చేయించిరి. గేటువెలుపల అతని తండ్రి సైకిలు పట్టుకొని నిలిచియుండెనట. గంట మ్రోగకమునుపే కొడుకు వచ్చుట చూచి, 'అప్పుడే అయిపోయిందా' యని నవ్వుచు ఎదురువచ్చెనని తరువాత కానిస్టేబులు చెప్పెను. మఱునాడు ఆ బెంచీ ఖాళీ. పైవారు ఆ కేసు నేమి తేల్చిరో మాకు తెలియరాలేదు. తెలుపుట ఆచారమును కాదు.

అప్పటినుండి ప్రశ్నపత్రములు పంచకమునుపే మేము గదిలో ఒక మాట చెప్పుచున్నాము: 'జేబులు, పౌచీలు, అట్టలు ఒక్కసారి చూసుకోండి. ఏ కాగితమున్నా ఇప్పుడే ఈ కిటికీలో పెట్టెయ్యండి. ఎవరిదని అడగను.' మొదట ఎవ్వరును కదలరు. మేము వీపు త్రిప్పి నల్లబల్ల తుడుచుకొందుము. తిరిగి చూచునప్పటికి కిటికీ గట్టుమీద నాలుగైదు కాగితములుండును. ఇట్లు వీపు త్రిప్పవచ్చునని ఏ ఉత్తరువులోను లేదు. వలదనియును లేదు.

మఱుసటి యేడు, ఇట్లు చెప్పిన తరువాతనే, హిందీ పరీక్ష సగములో నుండగా ముందువరుస బాలిక మఱొక కలమునకై పౌచీలో చేయి పెట్టినది. పొట్లమొకటి జాఱిపడి విచ్చికొన్నది. బెంచీమీద, కాగితముమీద, ఆమె వ్రేళ్లమీద ఎఱ్ఱని కుంకుమ. పొట్లము కట్టిన కాగితము నోటుపుస్తకపు పుట. దానిపై భౌతికశాస్త్రము, కాంతి పరావర్తన నియమములు, ఆమె దస్తూరీతోనే. 'కాగితాలన్నీ తీసెయ్యమన్నాను కదమ్మా' అంటిమి. 'అది కాగితం కాదు సార్, అమ్మవారి కుంకుమ' అన్నది.

చీఫ్ సూపరింటెండెంటుగారు వచ్చిరి, శాఖాధికారియు వచ్చిరి. ఆ పుటను అటు నిటు త్రిప్పి చూచి, 'మీరేమంటారు?' అని మమ్మడిగిరి. మేము, 'కుంకుమ పొట్లమండి' అంటిమి. వారు తెల్లకాగితము తెప్పించి కుంకుమనందులోనికి మార్పించి, పాతపుటను చింపించి, జరిగినది రిజిస్టరులో వ్రాయించి వెళ్లిపోయిరి. బాలిక మఱల వ్రాయుట మొదలుపెట్టినది. పోయిన పది నిముషములను ఆమెకు ఎవ్వరును తిరిగి ఈయలేకపోయితిమి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ బాలుని కాగితమును, ఈ బాలిక కాగితమును, రెండును ఆ నాటి పరీక్షకు కొఱగానివే. రెండును జాఱిపడినవే. ఇద్దఱును మఱచితిమనియే చెప్పిరి. ఒకరి విషయమున కబురంపి సాక్షిసంతకము చేసితిమి. రెండవవారి విషయమున పొట్లమని సాక్ష్యము చెప్పితిమి. కాగితములో కుంకుమ లేకపోవుటయేనా ఆ బాలుని నేరము? సహోపాధ్యాయుల నడిగితిమి. ఇద్దఱిని పంపవలసినదని యొకరనిరి. ఇద్దఱిని కూర్చుండనీయవలసినదని మఱొకరనిరి. మేము చేసినదే సరియని యన్నవారు లేరు. తల్లులకు మాత్రము ఒక మనవి చేయగలము: కుంకుమను నొసట పెట్టి పంపుడు, పొట్లము కట్టి పంపకుడు.

మేము తెలిసి చేసిన తప్పు మఱొకటి గలదు. సాంఘికశాస్త్రపు పరీక్ష. ఇంకను నలుబది నిముషములుండగనే ఒక బాలుడు కలము మూతపెట్టి, చేతులు కట్టుకొని కిటికీవంక చూచుచు కూర్చుండెను. చక్కగా వ్రాసినవాడే. దగ్గఱకు పోయి చూచితిమి. ప్రశ్నపత్రపు చివరి పుటను అతడు త్రిప్పనేలేదు. ఆ వెనుక ప్రశ్నలున్నవి. రెండుమార్లు అతని బెంచీ దాటిపోయితిమి. మూడవమారు మా వ్రేలు ఆ పుట మూలను తాకినది. అంతే, ఒక్కమాటయు పలుకలేదు. బాలుడు పుట త్రిప్పెను. అతని ముఖము పాలిపోయినది. మూత తీసి, తుది గంట వఱకు తల యెత్తక వ్రాసెను. ఇంతకన్న పుణ్యమేమున్నదని మేము మురిసిపోయితిమి.

పుస్తకములు అప్పగించుచోట ప్రక్కగది పర్యవేక్షకురాలు మాట వరుసకు చెప్పినది: 'మా గదిలో ఒక పిల్ల, గంట కొట్టాక పేపరు మడుస్తూ చివరిపేజీ చూసుకుంది మాస్టారూ. ఎంత ఏడ్చిందో.' ఆమె నియమము తప్పలేదు. ఆ పిల్ల పత్రములోనికి తొంగిచూడలేదు, వ్రేలు పెట్టలేదు. మా రెండు గదుల నడుమ నున్నది తొమ్మిదంగుళముల గోడ. ఇవతల కూర్చుండుటచేత ఒకనికి మార్కులు దక్కినవి. అవతల కూర్చుండుటచేత మఱొకతెకు పోయినవి. ప్రశ్న యొక్కటే, గంట యొక్కటే, పర్యవేక్షకులు వేఱు. పర్యవేక్షకుడు ఎవరైనను ఫలము మాఱరాదనియే గదా ఇన్ని ముద్రలు, ఇన్ని సంతకములు, ఇందఱు పోలీసులు! మా మెత్తదనము వానినన్నిటిని దాటిపోయినది.

మఱునాడుదయము చీఫ్ సూపరింటెండెంటుగారితో మేము చేసినది చేసినట్లు చెప్పితిమి. ఆయన మమ్ము తిట్టలేదు, మెచ్చుకొననులేదు. కొంతసేపు బల్లమీద పెన్సిలు దొర్లించుచు కూర్చుండిరి. పిదప పర్యవేక్షకులనందఱిని పిలిచి, చదువుకొను పదునైదు నిముషములలో, ఒకే వేళకు, అన్ని గదులలోను ఒకే మాట చెప్పవలెననిరి: 'ప్రశ్నపత్రం ఎన్ని పేజీలో లెక్కపెట్టుకోండి. చివరి పేజీ వెనక కూడా చూసుకోండి.' మేము ఏ కేంద్రమునకు పోయినను ఈ మాటను ఆ కేంద్రపు పెద్దకు చెప్పుచున్నాము. కొందఱు ఆలకింతురు. కొందఱు, 'ఉత్తరువులో లేదు గదా' యందురు. వారనునదియు నిజమే. అట్టిచోట మేమును మా గదిలో చెప్పము. చెప్పకుండుట చాల కష్టము.

పిల్లలు మాటకు అర్థమడిగినప్పుడును ఇంతే. 'సార్, ఈ పదానికి అర్థమేంటి?' అని లోగొంతుకతో, అఱచేయి అడ్డము పెట్టుకొని యడుగుదురు. మాకు తెలిసియుండును. బడిలోనైనచో మూడు ఉదాహరణములతో చెప్పియుందుము. ఇక్కడ తల అడ్డముగా నూపి ముందునకు సాగుదుము. ముద్రణదోషమున్నచో మాత్రము గదిలో మేమే దిద్దక, పైకి తెలిపి, అందఱికిని ఒకే దిద్దుబాటు వచ్చునట్లు చూతుము. మంచినీళ్లడిగినచో ఇత్తుము. ఎండ కన్నులలో పడుచున్నచో కిటికీతలుపు మూయుదుము. కలములో సిరా అయిపోయినచో మా కలమిత్తుము. అది తిరిగి రాదు, మేమును అడుగము. కన్నులు తిరుగుచున్నవన్నచో వరండాలో కూర్చున్న నర్సమ్మను పిలుతుము. జాలి చూపుటకు మాకు మిగిలిన చోటు ఇంతమాత్రమే గాని, మార్చి యెండలో ఇదియును తక్కువ కాదు.

తుది గంట కొట్టిన తరువాత ఎవరిని లేవనీయక వరుస తప్పకుండ పుస్తకములు తీసికొందుము. 'ఒక్క లైను సార్, ఒక్క లైను' అని కొందఱు పుస్తకమును గట్టిగా పట్టుకొందురు. వారి వ్రేళ్లనుండి దానిని తీసికొనుట మాకు ఏటేట క్రొత్తగనే యుండును. ఒక్కటొక్కటి లెక్కపెట్టి, హాజరుపట్టీతో సరిచూచి, రాని పిల్లల సంఖ్యలు ఎఱ్ఱసిరాతో గుర్తించి, కట్టగట్టి అప్పగించిన గాని మాకు విడుదల లేదు. పిల్లలందఱు వెళ్లిన తరువాత గదిలోనికి మఱల పోయి చూతుము. మూతలేని కలము, విఱిగిన స్కేలు, ఎవరో మఱచిపోయిన నీళ్లసీసా. ముందుబెంచీ కఱ్ఱ చీలికలో ఎఱ్ఱదనము ఆ యేడు పరీక్షలు ముగియువఱకు పోలేదు.

గేటు దాటగానే తల్లిదండ్రులు చుట్టుముట్టుదురు. 'పేపరు ఎలా ఉంది మాస్టారూ?' అని యొకరు. 'రెండో రూములో మావాడు ఎట్లా రాశాడండీ?' అని మఱొకరు. మేము చూచినది చేతులను గాని చేతివ్రాతలను కాదు, చూచినను చెప్పరాదు. కడచిన యేడు ఒక ముసలమ్మ తాటాకు విసనకఱ్ఱతో చెట్టుక్రింద కూర్చుండి, మనుమని పేరు చెప్పి, బాగుగా వ్రాసెనా యని యడిగినది. ఆ పేరుగల బాలుడు మా గదిలోనివాడే, కడపటి బెంచీ. ఎంత వ్రాసెనో, ఏమి వ్రాసెనో మాకు తెలియదు. 'చివరి గంటదాకా రాస్తూనే ఉన్నాడమ్మా' అంటిమి. ఆమె విసనకఱ్ఱను చంకలో పెట్టుకొని, మనుమని వెదకుచు బస్సులవైపు వెళ్లినది.